మెస్‌లో ఆరు గురువారాలు

2000 మార్చి 23, గురువారం రాత్రి. ఇంగ్లండ్‌లో లాంకషైర్ అనే జిల్లాలో ఒక చిన్న ఊరి హాస్పిటల్, అందులో డాక్టర్లు కాసేపు కూర్చునే గది, డాక్టర్స్ మెస్. కుంగిపోయిన రెండు సోఫాలు, ఒక టోస్టర్, పెద్ద బ్రెడ్ ప్యాకెట్, మూలన ఒక పాత టీవీ, దాని కింద వీసీఆర్. నడుముకి బ్లీప్, అంటే హాస్పిటల్ పేజర్, తగిలించుకుని, రెండు టోస్టు ముక్కలకి వెన్న రాసుకుని అప్పుడే కూర్చున్నాను. నాతోపాటు ఎస్‌హెచ్‌ఓగా, అంటే జూనియర్ డాక్టర్‌గా, చేస్తున్న గ్లాస్గో కుర్రాడికి ఆ రోజు డ్యూటీ లేదు. అయినా వచ్చాడు. మూడు గంటల వీడియో క్యాసెట్ ఒకటి వీసీఆర్‌లోకి తోసి, ఛానల్ ఫోర్ పెట్టి, కాసేపు ఎవరూ మాట్లాడొద్దన్నాడు.

ఆ రాత్రి మొదలైంది ‘జామ్’ అనే కామెడీ ప్రోగ్రామ్.

మామూలు టైటిల్స్ లేవు. నటుల పేర్లు వేయలేదు. దాన్ని తీసిన క్రిస్ మోరిస్ గొంతు, మత్తుమందు ఎక్కుతున్నప్పుడు ఎక్కడో దూరంగా వినపడినట్టు, అర్థమయ్యీ కానట్టున్న మాటలేవో చెప్పి లోపలికి రమ్మంది. అక్కడి నుంచి ఒక స్కెచ్‌లోంచి ఇంకో స్కెచ్‌లోకి జారిపోవడమే. మధ్యలో యాడ్స్ లేవు. వెనక నుంచి ఎవరూ నవ్వరు. అడుగున ఎక్కడో నెమ్మదిగా మ్యూజిక్ సాగుతూనే ఉంటుంది. బొమ్మ ఒకసారి మసకమసకగా, ఒకసారి సెక్యూరిటీ కెమెరాలో పడినట్టుగా, ఒకసారి మనుషులు నీళ్ల అడుగున నడుస్తున్నట్టుగా ఉంటుంది. కొన్నిచోట్ల పెదాలకీ మాటకీ పొంతన కుదరదు. ఆ మాటలు అంతకుముందు రేడియోలో వచ్చినవి, వాటికి నటులు పెదాలు కలిపారంతే. చివర్లో కూడా పేర్లు రాలేదు. ఒక వెబ్‌సైట్ అడ్రస్ మాత్రం చూపించి వదిలేశారు.

దాదాపు పాతిక నిమిషాలు. అయ్యాక చూస్తే నా చేతిలో టోస్టు అలాగే ఉంది.

నేను గుంటూరులో మెడిసిన్ చదివి, 1999లో ఇంగ్లండ్ వెళ్లి, బయటి దేశాల డాక్టర్లు అక్కడ పనిచేయడానికి రాసే ప్లాబ్ పరీక్ష పాసయ్యాను. అప్పటిదాకా బ్రిటిష్ కామెడీ అంటే నాకు తెలిసింది దూరదర్శన్‌లో, కేబుల్లో అడపాదడపా చూసిన ముక్కలే. ఇంగ్లీషు వచ్చనుకున్నాను. అక్కడికి వెళ్లాక తెలిసింది, నాకు వచ్చింది పుస్తకాల ఇంగ్లీషు. హాస్పిటల్లో వాళ్లు మాట్లాడే గొంతు వేరు. ఎంత పెద్ద విషయమైనా ఆ గొంతు పైకి లేవదు. పక్క మంచం మీద మనిషి పోతున్నా సిస్టర్ అంతే మెల్లగా, అంతే మర్యాదగా మాట్లాడుతుంది. మొదట్లో అది నాకు చాలా గొప్పగా అనిపించింది. కొన్ని నెలలయ్యాక కొంచెం భయం వేయడం మొదలైంది. ఎందుకో చెప్పలేకపోయేవాణ్ణి. ఆ భయానికి ఒక రూపం ఇచ్చింది జామే.

అందులో ఒక డాక్టర్ వస్తుంటాడు. డేవిడ్ కాన్ అనే నటుడు. చూస్తే మన ఫ్యామిలీ డాక్టరే అనిపిస్తుంది. మంచి సూటు, నెమ్మదైన మాట, కళ్లలో దయ. ఆ దయ పోకుండానే ఘోరమైన పనులు చేస్తాడు. నన్ను సోఫాలోంచి లేవనివ్వని స్కెచ్ ఒకటుంది. పేషెంటుకి కోమా వచ్చిందని ఇంట్లోవాళ్లకి చెబుతారు. ఏ లక్షణాలూ లేని కోమా. పేషెంటు లేచి తిరుగుతుంటాడు, మాట్లాడుతుంటాడు. డాక్టర్ మాత్రం అదే మెల్లని గొంతుతో, పాపం కోమాలో ఉన్నాడు, చేయగలిగింది లేదు అంటాడు. వింటున్న మనిషి ముఖంలో సందేహం కాస్త కాస్తగా కరిగిపోతుంది. డాక్టర్ చెప్పాడు కదా మరి.

ఆ స్కెచ్ చూసిన మర్నాడు పొద్దున రౌండ్స్‌లో ఒక పెద్దావిడ మంచం దగ్గర మేం ఐదుగురం నిలబడి ఆవిడ గురించి మాట్లాడుకుంటున్నాం. ఆవిడ మెలకువగానే ఉంది, మా అందరి ముఖాల వంకా మార్చి మార్చి చూస్తోంది. ఒక్కరం కూడా ఆవిడతో మాట్లాడలేదు. నాకు గొంతు పట్టేసినట్టయింది. రౌండ్స్ అయ్యాక ఒక్కణ్ణే వెనక్కి వెళ్లి, కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే: తన కళ్లజోడు ఎక్కడుందని.

గ్లాస్గో కుర్రాడు ఇదంతా ముందే ఎరుగున్నవాడు. జామ్‌కి తల్లి ‘బ్లూ జామ్’ అని రేడియోలో వచ్చేది. బీబీసీ రేడియో వన్‌లో, 1997 నవంబర్ నుంచి 1999 దాకా మూడు విడతలు, గంటసేపు చొప్పున మొత్తం 18 ఎపిసోడ్లు. పగలంతా కుర్రకారుకి హిట్ పాటలు వేసే స్టేషన్ అది. అలాంటి స్టేషన్‌లో అర్ధరాత్రి దాటాక ఈ ప్రోగ్రామ్. తను మెడికల్ కాలేజీలో ఉండగా రాత్రుళ్లు మేలుకుని రేడియోలోంచి క్యాసెట్లకి ఎక్కించుకున్నాడు. వాటి మీద నీలం ఇంకుతో తేదీలు రాసి ఉండేవి. నాకు రెండు అరువిచ్చాడు, జాగ్రత్తగా తిరిగివ్వమని మూడుసార్లు చెప్పి మరీ.

అవి వాక్‌మన్‌లో పెట్టుకుని వినేవాణ్ణి. నైట్ డ్యూటీ దిగి వార్డు నుంచి మా క్వార్టర్స్‌కి వెళ్లాలంటే కార్ పార్క్ దాటి ఐదు నిమిషాల నడక. నారింజరంగు దీపాలు, మంచు పట్టిన కారు అద్దాలు, చెవిలో ఒక పాట నెమ్మదిగా సన్నగిల్లి మాటగా మారడం. ఎక్కడ పాట ఆగింది, ఎక్కడ స్కెచ్ మొదలైంది అన్నది తెలియదు. కొన్నిసార్లు రెండు నిమిషాల దాకా ఇది కామెడీ అన్న సంగతే తెలిసేది కాదు. టీవీలో కంటే రేడియోలోనే బాగుందనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. బొమ్మ లేనప్పుడు ఆ గొంతులు నేరుగా మన లోపలే మాట్లాడతాయి. అది నిజం. అయినా నా ఓటు టీవీకే. ఆ ముఖాలు చూడాలి. మార్క్ హీప్ కళ్లలో ఆ కంగారు, జూలియా డేవిస్ నిదానం, కెవిన్ ఎల్డన్, అమీలియా బుల్మోర్. వీళ్లెవరూ జోకు చెప్తున్నట్టు ఉండరు. ఏదో ఘోరం జరిగిన ఇంట్లో కాఫీ పెడుతున్న మనుషుల్లా ఉంటారు.

నవ్వుకున్నవీ ఉన్నాయి. టీవీలోంచి బల్లులు వచ్చి పడుతున్నాయని రిపేరు చేసేవాడికి కంప్లైంట్ చేసే స్కెచ్ ఒకటి. మెస్‌లో మిగతావాళ్లు ఒళ్లు జలదరించినట్టు చూస్తుంటే నాకు మా ఇంట్లో ట్యూబ్‌లైటు వెనక కాపురం ఉండే బల్లి గుర్తొచ్చి, నాన్న చీపురు తిరగేసి దాన్ని తోలడం గుర్తొచ్చి, ఆపుకోలేక నవ్వాను. ఆ ఉగాదికి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి నాన్నకి చెప్పాను కూడా. విక్రమ నామ సంవత్సరం అది. ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోతుంటే అమ్మ ఒకటే అడిగింది, పచ్చడికి వేపపువ్వు దొరికిందా అని.

ఇక ప్లంబర్ స్కెచ్.

దీని గురించి చెప్పే ముందు ఇంకో రాత్రి గురించి చెప్పాలి. ఆ ఫిబ్రవరిలోనే, తెల్లవారుజామున, ఒక పెద్దాయనకి ఆయన భార్య చనిపోయిందని చెప్పాల్సి వచ్చింది. యాభై ఏళ్లు దాటిన కాపురం. గుంటూరులో హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు ఈ పని వేరేగా ఉండేది. ఇంటి మగవాళ్లలో పెద్దవాణ్ణి పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యేసి, ‘ఇక లేరండీ’ అంటే చాలు. ఆ మాట పూర్తికాక ముందే వరండా అంతా ఏడుపులు. ఇంగ్లండ్‌లో మాకు నేర్పింది వేరు. రిలేటివ్స్ రూమ్‌లో కూర్చోబెట్టాలి. బ్లీప్ ఇంకొకరికి ఇచ్చి వెళ్లాలి. మాట తిప్పకూడదు, చనిపోయారు అన్న మాటే స్పష్టంగా వాడాలి. చెప్పాక మౌనంగా ఉండాలి.

అలాగే చెప్పాను. ఆయన తల ఊపాడు. చాలాసేపు టేబుల్ మీది టిష్యూ డబ్బా వైపు చూశాడు. తర్వాత కోటు జేబులో వెతికి చిన్న కాగితం తీశాడు. కార్ పార్క్ టికెట్. ఆరు గంటలకి టైము అయిపోతుందట. కారు తీసి మళ్లీ పెట్టి రమ్మంటారా, లేక ఇక్కడే ఉండాలా అని అడిగాడు. మర్యాదగా, నాకు ఇబ్బంది కలిగిస్తున్నానేమో అన్నట్టుగా అడిగాడు. ఆ కాగితం ఆయన వేళ్ల మధ్య వణుకుతోంది. టైము అచ్చువేసిన చోట ఇంకు కొంచెం చెదిరి ఉంది. ఆయన బొటనవేలు దాని మీదే పదే పదే రుద్దుతున్నాడు.

నాకేం చెప్పాలో తెలియలేదు. కారు సంగతి మేం చూసుకుంటామన్నాను.

ఆ తర్వాత నెలన్నర తిరక్కుండానే ప్లంబర్ స్కెచ్ చూశాను. ఒక తల్లి ఇంటికి ప్లంబర్‌ని పిలిపిస్తుంది. బాగుచేయాల్సింది బాయిలర్ కాదు, చనిపోయిన తన పసిబిడ్డని. అతను నా వల్ల కాదంటాడు. ఆవిడ వాదిస్తుంది. లోపల ఉండేవి పైపులే కదా అంటుంది. గంటకి ఎంతైనా ఇస్తానంటుంది. అరుపులు లేవు, ఏడుపు లేదు. ఇంట్లో కుళాయి కారుతోందని చెప్పినంత మామూలుగా మాట్లాడుతుంది. చివరికి అతను పని మొదలుపెడతాడు.

ఆ స్కెచ్ మీద చాలామందికి కోపం. అర్థం చేసుకోగలను. బిడ్డని పోగొట్టుకున్నవాళ్లు అది చూడకూడదు, చూడమని నేను ఎవరికీ చెప్పను. కానీ అది ఆ తల్లిని వెక్కిరిస్తోంది అనేవాళ్లతో మాత్రం ఒప్పుకోను. నేను ఆవిడలో కార్ పార్క్ టికెట్ పట్టుకున్న ఆ పెద్దాయన్నే చూశాను. పెద్ద దెబ్బ తగిలినప్పుడు మనిషి చేతికి అందిన చిన్న పనిని పట్టుకుంటాడు. టికెట్, బాయిలర్, పైపు. పైగా పైపులన్న మాట ఆవిడ కల్పించింది కాదు, మేం నేర్పిందే. గుండె అంటే పంపు, రక్తనాళాలంటే గొట్టాలు అని రోజూ పేషెంట్లకి కాగితం మీద బొమ్మ గీసి చెప్పేది మేమే. ఆ తల్లి మా మాటని నమ్మి, దాన్ని చివరిదాకా తీసుకెళ్లింది. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి క్వార్టర్స్‌కి వెళ్లి, ఫిబ్రవరి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చాను. అన్నేళ్లలో నన్ను ఏడిపించిన టీవీ ప్రోగ్రామ్ అదొక్కటే, దాన్ని కామెడీ అని పిలుస్తారు.

ఇంకొకటి. చచ్చిపోవాలనుకున్న ఒక మనిషి నలభయ్యో అంతస్తు నుంచి ఒక్కసారి దూకడు. మొదటి అంతస్తు నుంచి నలభైసార్లు దూకుతాడు, మధ్యలో మనసు మారితే ఆగిపోవచ్చని. నిమిషంలో చెప్పేయగల ఊహ. కానీ రాత్రిపూట మాత్రలు మింగి, భయపడి, తమంతట తామే టాక్సీ ఎక్కి క్యాజువాలిటీకి వచ్చే పిల్లల్ని వారానికి ఇద్దరు ముగ్గుర్ని చూసేవాణ్ణి. మనసు మారిందండీ అని వాళ్లు చెప్పే తీరు నాకు తెలుసు. అందుకే ఆ స్కెచ్‌లో మనసు మారే అవకాశం అన్న ముక్క దగ్గర నా చూపు ఆగిపోయింది. అది రాసినవాళ్లు ఊరికే షాక్ ఇవ్వడానికి రాయలేదు.

మోరిస్ తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లని తర్వాతెప్పుడో చదివాను. ఆశ్చర్యం కలగలేదు. ఇంట్లో భోజనాల దగ్గర ఆ గొంతు విని పెరిగినవాడే దాన్ని అంత కచ్చితంగా పట్టుకోగలడు. అతనితో కలిసి రాసినవాళ్లలో పీటర్ బేనమ్ ముఖ్యుడు. అంతకుముందు 1997లో ఛానల్ ఫోర్‌లోనే ‘బ్రాస్ ఐ’ చేశాడు మోరిస్, టీవీ వార్తల హడావుడి మీద. 2001లో దానికి ఒక స్పెషల్ వచ్చినప్పుడు వేలల్లో ఫిర్యాదులు వెళ్లాయి, దేశమంతా దాని గురించే మాట్లాడింది. అది మొహం మీద చెప్పే కోపం. జామ్‌లో ఆ కోపం లేదు, అందులో ఉన్నది దిగులు. నాకు జామే ఎక్కువ.

గ్లాస్గో కుర్రాడు నాకు వరసగా మిగతావి కూడా చూపించాడు. మాంటీ పైథాన్ అనే కామెడీ బృందం వాళ్లు 1970లోనే, చనిపోయిన తల్లిని సంచిలో తెచ్చుకున్న కొడుకు, శవాలు సాగనంపే షాపువాడు అనే స్కెచ్ చేశారు. అందులో స్టూడియోలో కూర్చున్న జనం అరిచి గోల చేస్తారు. ‘ద లీగ్ ఆఫ్ జెంటిల్‌మెన్’ అనే ఇంకో కామెడీ 1999లో బీబీసీ టూలో మొదలైంది. మాకు దగ్గర్లోనే డెర్బీషైర్‌లో హ్యాడ్‌ఫీల్డ్ అనే ఊళ్లో తీశారది. ఒక ఆదివారం మాంచెస్టర్ పికడిలీలో రైలెక్కి వెళ్లాం. చుట్టూ బోడి కొండలు, రాతి ఇళ్లు, ఒక యుద్ధ స్మారకం, ఉన్నట్టుండి వాన. టీవీలో ఒళ్లు గగుర్పొడిపించిన ఊరు అది. అక్కడి బేకరీ ఆవిడ మమ్మల్ని లోపల కూర్చోమని, కోట్లు ఆరేదాకా వెళ్లనివ్వలేదు.

చావు పక్కన నవ్వు అన్నది నాకు కొత్త కాదని అప్పుడే తట్టింది. చిన్నప్పుడు మా ఊళ్లో, తెనాలి దగ్గర, శ్రీరామనవమి పందిట్లో రాత్రంతా హరిశ్చంద్ర నాటకం ఆడేవాళ్లు. నక్షత్రకుడు అప్పు కోసం ఆ మహారాజుని కాల్చుకు తింటుంటే జనం పడీపడీ నవ్వేవాళ్లు. అదే జనం, తెల్లవారుజామున కాటి సీనుకి నోట మాట లేకుండా కూర్చునేవాళ్లు. కొడుకు శవాన్ని ఎత్తుకొచ్చిన సొంత భార్యని కాటి సుంకం కట్టమంటాడు హరిశ్చంద్రుడు. డ్యూటీ అది. గొంతు తడబడకుండా అడుగుతాడు. మా నాయనమ్మ అక్కడ కొంగు నోట్లో కుక్కుకునేది. అర్ధరాత్రి దాటాక, నిద్రకీ మెలకువకీ మధ్య చూడాల్సిన సంగతులు కొన్ని ఉంటాయని ఆ పందిట్లో ఉన్నవాళ్లకి తెలుసు. అర్ధరాత్రి రేడియోలో ఇది వేయించిన మోరిస్‌కీ తెలుసు.

ఆరో ఎపిసోడ్ ఏప్రిల్ 27న. ఆ రాత్రి మా ఇద్దరికీ డ్యూటీ. తను కొత్త అడ్మిషన్లు చూడాలి, నేను వార్డులు. ఆ పాతిక నిమిషాలూ మెస్‌లో దొరికితే చాలనుకున్నాం. తను రికార్డు బటన్ నొక్కాడు, నేను టోస్టర్‌లో బ్రెడ్ వేశాను. మోరిస్ గొంతు ఇంకా పూర్తిగా లోపలికి పిలవనేలేదు, రెండు బ్లీప్‌లూ ఒకేసారి మోగాయి. క్రాష్ కాల్, అంటే ఎవరికో గుండె ఆగింది, పై అంతస్తు వార్డు. టీవీ అలాగే వదిలేసి మెట్లమీద పరుగెత్తాం.

చాలాసేపు పట్టింది. వంతులవారీగా ఛాతీ నొక్కాం. ఒక దశలో గ్లాస్గో కుర్రాడి నుదుటి చెమట నా చేతి మీద పడటం గుర్తుంది. గుండె మళ్లీ కొట్టుకుంది. ఐసీయూకి పంపి, నోట్సు రాసి, ఆయన భార్యకి ఇంట్లో ఫోన్ చేసి, మెస్‌కి తిరిగొచ్చేసరికి రెండు దాటింది. టోస్టర్‌లో బ్రెడ్ చల్లారి అట్టలా ఉంది. క్యాసెట్ చివరిదాకా వెళ్లి, తనంతట తనే వెనక్కి తిరిగి ఆగిపోయి ఉంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తను క్యాసెట్‌ని ముందుకి తిప్పి, ఆరో ఎపిసోడ్ పెట్టాడు.

ఆగస్టులో అందరికీ పోస్టులు మారాయి. తను వెళ్లిపోతూ రేడియో క్యాసెట్లు తీసుకుని, వీడియో నాకిచ్చాడు. 2003లో డీవీడీ వచ్చింది, కొన్నాను, బొమ్మ శుభ్రంగా ఉంటుంది. అయినా ఆ క్యాసెట్ పారేయలేదు. పోయినేడాది తెనాలి వెళ్లినప్పుడు ఒక షాపులో ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాను. ఆరో ఎపిసోడ్ అయ్యాక అందులో ఇంకో అరగంట ఉంది, మేం ఆపకుండా వదిలేసి పోయింది. కార్ ఇన్సూరెన్స్ యాడ్, ఏదో సబ్బు యాడ్, ఆ తర్వాత వచ్చిన ప్రోగ్రామ్‌లో సగం. ఆ అరగంటా మెస్‌లో ఎవరూ లేరు, మేమిద్దరం పైన ఒక మనిషి ఛాతీ నొక్కుతున్నాం. ఫైల్లో ఆ ముక్క కత్తిరించేయమంటారా అని షాపు కుర్రాడు అడిగాడు. ఉంచమన్నాను.